ఎడమచేతి ముడి

మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో మహేందర్ చాయ్ చెప్పి కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. ఒక గుక్క తాగాడు. రెండో గుక్క కోసం కప్పు ఎత్తాడు గానీ, అది పెదవి దాకా రాలేదు. టేబుల్ మీద తల వాల్చిన మనిషిని చూసి హోటల్ వాళ్ళు ఎండదెబ్బ అనుకున్నారు. మొహాన నీళ్ళు చల్లారు, విసనకర్రతో విసిరారు. మెడ వెనుక చీమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉందని అక్కడెవరూ చూడలేదు.

మేడ్చల్‌లో ఒకాయన గుండె ఆగి చనిపోయాడని మర్నాడు పేపర్లో చిన్న వార్త పడింది.

పేపరును నమ్మనివాళ్ళు గండిమైసమ్మ చౌరస్తాలో ఉన్నారు. అక్కడొక పిండిగిర్ని ఉంది. ముందు గదిలో జొన్నలు పడతారు, వెనుక గదిలో దేశం పని చేస్తారు. గిర్ని మోతలో లోపలి మాట బయటికి రాదని జానకిరామయ్య ఆ చోటు ఎంచుకున్నాడు. ఆయన డిపార్టుమెంటుకు పేరు లేదు, బోర్డు లేదు. దేశం దాటిపోయే విగ్రహాలనూ గ్రంథాలనూ, వాటిని దాటించే విదేశీ ముఠాలనూ పట్టుకోవడమే దాని పని.

"కూర్చో అమ్మా శోభారాణీ," అన్నాడు.

ఆమె కూర్చోలేదు. మహేందర్ ఆమెకు పని నేర్పిన మనిషి. ఏజెన్సీలో ఆమె కోడ్ నేమ్ కొర్రమట్ట. నీళ్ళింకిపోయినా బురదలో దూరి బతికే చేప అది. ఆ పేరు పెట్టింది కూడా మహేందరే.

"ఎవరు సంపిండ్రు సార్?"

"అదే తెలియదు. మెడ వెనుక చీమ కుట్టినంత సూది గుర్తు మాత్రం ఉంది. చనిపోయే ముందు ఒక్క మెసేజ్ పంపాడు. తాతగారు శామీర్‌పేటలో దిగాడు అని."

తాతగారు అంటే ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. దొంగిలించిన వస్తువును ఏ పేరున్న మ్యూజియమూ ఊరికే తీసుకోదు. ఇది ఎవరిది, వాళ్ళకెవరిచ్చారు, అంతకుముందు ఎవరింట్లో ఉంది అని అడుగుతుంది. ప్రోవెనెన్స్ అంటారు దాన్ని. ఆ యాజమాన్యపు చరిత్రను వండి వార్చేవాడే తాతగారు. నిన్న గుళ్ళోంచి లేపిన విగ్రహానికి ఇవాళ ఒక ముత్తాతను తెచ్చి నిలబెట్టగలడు. అందుకే ఆ పేరు. అతని మొహం మాత్రం ఎవరూ చూడలేదు.

జానకిరామయ్య గోడ మీద ఫోటో వేశాడు.

"పద్నాలుగో శతాబ్దపు తాళపత్రాలు. గంగ గ్రంథం. శామీర్‌పేట చెరువు పక్కన రాజా విజయేంద్ర భూపతి అనే ఆయన సొంత మ్యూజియం పెట్టాడు. ఇది తన వంశపు ఆస్తి అంటున్నాడు. రేపు మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ ఆఫీసరు ముందు ఓనర్‌గా స్టేట్‌మెంట్ ఇస్తాడు. ఆఫీసరు ముద్ర వేస్తే చాలు, ఎగ్జిబిషన్ పేరుతో విమానం ఎక్కించేస్తారు. తీసుకెళ్ళేది వోల్ఫ్ అనే విదేశీయుడు, ఆర్కా అనే స్మగ్లింగ్ ముఠా మనిషి. ఎక్కిందంటే మళ్ళీ దిగదు. ఆ రాజాగారే తాతగారా, లేక తాతగారు ఆడించే బొమ్మా? తేల్చాలి. గ్రంథాన్ని ఆపాలి."

శోభారాణి గ్రంథం వైపు చూడటం లేదు. దాన్ని కట్టిన తాడు వైపు చూస్తోంది.

"జరంత పెద్దగ చెయ్యున్రి సార్. గా కొసకున్న ముడి."

ఫోటో పెద్దదైంది. నల్లగా, జిడ్డుగా, ఎన్నో ముడులున్న తాడు. చివరి ముడి మాత్రం మిగతావాటికి అడ్డంగా, ఎడమవైపు తిరిగి ఉంది.

"గిది మా నాయిన ముడి," అంది శోభారాణి.

శామీర్‌పేట చుట్టుపక్కల చేపలు పట్టే ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. చెరువు పుట్టకముందు, పాత కుంటల కాలం నుంచి వచ్చిన ఆ గ్రంథాన్ని ఏడాదికొక ఇల్లు కాపాడేది. అందులో ఏముందో చదవగలిగినవాళ్ళు వాళ్ళలో లేరు. గంగమ్మ మాట ఉందని మాత్రం తెలుసు. ఏటా ఊరంతా కలిసి పెద్ద వల వేసే రోజున పాత ఇల్లు కొత్త ఇంటికి గ్రంథం అప్పజెప్పేది. తీసుకున్నవాడు తన వల దారంతో ఆ తాడుకు ఒక ముడి వేసేవాడు. నీళ్ళలో ఎవరి వల ఏదో ముడిని చూసి చెప్పే జాతి అది. వాళ్ళకు సంతకమైనా, వేలిముద్రైనా ముడే.

శోభారాణి చిన్నప్పుడు ఒక ఏడు ఆ వంతు ఆమె తండ్రి పర్వతాలుది. అతనిది ఎడమచేతి వాటం. ఊరంతా చూస్తుండగా పొద్దున ముడి వేశాడు. సాయంత్రానికి చెరువులో శవమై తేలాడు. గ్రంథం మాయమైంది. పర్వతాలు గంగమ్మను అమ్ముకుని, తాగి, నీళ్ళలో పడ్డాడని సంఘం తీర్పు చెప్పింది. ఆ తరువాత ఏ ఏడూ ఆ ఇంటివాళ్ళను పెద్ద వలకు పిలవలేదు. చేపలు పంచేటప్పుడు వాళ్ళ గంప దాటిపోయేవారు. పర్వతాలు తల్లి బుచ్చవ్వ ఆ రోజు నుంచి చేప ముట్టలేదు. కొడుకు ముడి వేయగా మిగిలిన దారపు ఉండను కొంగున కట్టుకుంది. "నా కొడుకు అమ్ముకునేటోడు గాదు. సంపినోడు యాడనో బతికున్నడు. ఆడు బతికుంటే నేను గూడ బతుకుత," అని అదే పట్టు మీద ఇప్పటికీ బతికే ఉంది.

అంతా విని జానకిరామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, నిన్ను ఈ పని మీద పంపకూడదు. రూల్ అది."

"నన్ను గాక ఇంకెవల్ని పంపినా ఆ ముడి సంగతి ఎరుకైతదా సార్?"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరే. కానీ మనిషి ప్రాణాలతో కావాలి. పగ ఇంట్లో పెట్టి వెళ్ళు."

"మా ఇంట్ల జాగ లేదు సార్. అవ్వ పగతోనే నిండిపోయింది."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. ఆమె ముందు సరంజామా పేర్చాడు. కెమెరా ఉన్న ముక్కుపుడక. కాడలో ట్రాన్స్‌మిటర్ ఉన్న గరిటె. "నీ కవర్ వంటమనిషి. విదేశీ అతిథికి చెరువు చేపల పులుసు కావాలట. లోపల మనమ్మాయి ఉంది. స్నిగ్ధ. రాజాగారి సెక్రటరీగా పెట్టాం. కోడ్ గుర్తుందిగా? మా బండి అలియాబాద్ దగ్గర ఉంటుంది."

"సిగ్నల్ అందకుంటే?"

"గిర్ని ఆగితే ఏం చేస్తాం? తలెత్తి చూస్తాం. నీ చప్పుడు ఆగితే మేము బయల్దేరినట్టే."

* * *

మర్నాడు పొద్దెక్కాక శోభారాణి భుజాన విసురు వల, నెత్తిన చేపల గంప పెట్టుకుని రాజాగారి బంగ్లా వెనుక గేటు దగ్గర నిలబడింది. గేటు కాపలావాడు గంపలో చెయ్యి పెట్టబోయాడు.

"పెట్టు బిడ్డా, పెట్టు. కొర్రమట్ట కొరికితే వేలు నీది, కూర నాది."

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వలను లోపలికి తేవద్దన్నాడు, కంపు కొడుతుందట. చెరువు మెట్ల పక్కన కటకటాలకు దాన్ని ఆరేసి ఆమె వంటింట్లోకి వెళ్ళింది. లోపల అడుగుపెట్టగానే గరిటె కాడలో సన్నగా వినపడే గుర్రు ఆగిపోయింది. జామర్ పెట్టారు. ముక్కుపుడక ఇక ఉత్త ముక్కుపుడకే.

చేపలు తోముతుండగా వెనుక అత్తరు వాసన వచ్చింది. తెల్ల షిఫాన్ చీర, చెవులకు రవ్వలు, సినిమా పోస్టర్‌లోంచి దిగినట్టున్న మనిషి. స్నిగ్ధ. కొప్పులో పూవుకు బదులు ఒక సన్నటి వెండి పెన్ను గుచ్చుకుని ఉంది.

"చెరువులో నీళ్ళున్నాయా?" అంది స్నిగ్ధ.

"నీళ్ళున్నయి. చేపలే పరేషాన్ ఉన్నయి."

కోడ్ కలిసింది. స్నిగ్ధ తలుపు మూసింది.

"థాంక్ గాడ్. మహేందర్ పోయాక ఒక్కదాన్నే అయిపోయాను. పాపం, రెండో గుక్క చాయ్ కూడా తాగలేదు."

శోభారాణి చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. పేపర్లో చాయ్ మాట లేదు. మహేందర్ పోయినప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ళకో, వెనుక నిలబడ్డవాళ్ళకో తప్ప రెండో గుక్క సంగతి తెలిసే వీల్లేదు. ఆమె కళ్ళు కొప్పులోని వెండి పెన్ను దాకా వెళ్ళి వచ్చాయి. సన్నటి మొన. చీమ కుట్టినంత చుక్క.

కత్తి మళ్ళీ పొలుసు మీద ఆడింది. చేప మెడ దగ్గర కొంచెం గట్టిగా దిగింది, అంతే.

ఇప్పుడు ఈమె పీక పట్టుకుంటే తాతగారు జారిపోతాడు. తప్పుడు కబురు మోయడానికి ఇంతకంటే మంచి మనిషి దొరకదు.

"అక్కా, నీకొక్కదానికే చెప్తున్న," అంది శోభారాణి గొంతు తగ్గించి. "మా సార్ ఒక పాత బేరగాన్ని పట్టిండు. ఆ గ్రంథం నడుమ కొన్నేండ్లు తన దగ్గర ఉండెనని ఆడు సాక్ష్యం చెప్తడట. రాజాగారు ఒక్క మాట జారాలె. నడుమ ఎవలికన్న ఇచ్చిన, యాడనన్న పెట్టిన అని. గంతే, కేసు మనది."

"అంటే... తమ వంశం చెయ్యి దాటలేదని ఆయన గట్టిగా చెప్తే?"

"చెప్తే మన పని ఖతం."

స్నిగ్ధ ఆమె భుజం తట్టింది. "డోంట్ వర్రీ. నేను చూసుకుంటాను."

అత్తరు వాసన వరండా వైపు వెళ్ళిపోయింది, అడుగుల్లో తొందరతో. శోభారాణి మూకుడులో నూనె పోసింది.

* * *

వోల్ఫ్‌కు విమానం తొందర. అందుకని భోజనం, స్టేట్‌మెంట్ రెండూ చెరువు మీదికి తెరుచుకున్న వరండాలోనే పెట్టారు. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ, ఒక కెమెరా. పక్క టేబుల్ మీద మెత్తటి దిండు మీద గంగ గ్రంథం. రిజిస్ట్రేషన్ ఆఫీసరు పార్వతీదేవి ముద్రను పక్కన పెట్టుకుని పెరుగన్నం మాత్రం తింటానంది. నిక్కచ్చి మనిషి, ముఠా సంగతేమీ తెలియదు.

రాజాగారు పట్టు లాల్చీలో, తెల్లబడ్డ మీసంతో, జమీందారు అంటే ఇలాగే ఉండాలన్నట్టు ఉన్నాడు. శోభారాణి పులుసు వడ్డించింది. ఆ మొహంలో ఆమెకు తెలిసిందేమీ కనపడలేదు. వయసు చాలా మార్చేస్తుంది.

కానీ రాజాగారు తినడం మొదలుపెట్టాడు. ఒక ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. రెండోది దాని పక్కన. మూడోది దాని పక్కన. పెద్దది ముందు, చిన్నది వెనుక, దువ్వెన పళ్ళలాగా వరుసగా.

శోభారాణికి చిన్నప్పటి ఒక రోజు గుర్తొచ్చింది. వాళ్ళ ఇంటి గడపలో చాప మీద కూర్చుని ఒక పరిశోధకుడు ఇలాగే ముళ్ళు పేర్చాడు. పాత గ్రంథాలంటే ప్రాణమన్నాడు. బుచ్చవ్వ వద్దన్నకొద్దీ వడ్డించింది. చిన్నపిల్ల శోభ పకపకా నవ్వి, "ముగ్గేస్తున్నవా మామా?" అని అడిగింది. ఆ మామ ఆమెకు చాక్లెట్ ఇచ్చాడు. పెద్ద వల రోజున మళ్ళీ వచ్చాడు.

శోభారాణి గరిటెను మళ్ళీ పులుసులో ముంచింది. "ఇంకో ముక్క ఎయ్యాల్నా దొరా?" అని అడిగింది.

"వెయ్యి, వెయ్యి," అన్నాడు రాజాగారు ఆమె వైపు చూడకుండానే.

కెమెరా ఎర్రలైటు వెలిగింది. రాజాగారు చెయ్యి కడుక్కుని లేచి నిలబడ్డాడు. స్నిగ్ధ ఆయన వెనుక నిలబడి చిన్నగా తలూపింది.

"నేను, రాజా విజయేంద్ర భూపతిని, ప్రమాణం చేసి చెబుతున్నాను. పంతొమ్మిది వందల పన్నెండులో మా ముత్తాతగారు ఈ గ్రంథాన్ని ఈ తాడుతో స్వహస్తాలతో కట్టారు. ఆ ముడులు ఈనాటి వరకూ ఎవరూ విప్పలేదు, కొత్తగా వేయలేదు. ఒక్క రోజు, ఒక్క గంట కూడా ఇది మా వంశం చేతులు దాటి పోలేదు. మా నాన్నగారి తరువాత నా చెయ్యి తప్ప మరో చెయ్యి దీన్ని తాకలేదు."

"నడుమ ఎవరి దగ్గరా లేదా?" అడిగింది పార్వతీదేవి.

"లేదు. తాకితే నేనే తాకాను."

వోల్ఫ్ వాచీ చూసుకున్నాడు. పార్వతీదేవి ముద్ర తీసుకుని సిరాలో అద్దింది. ముద్ర పైకి లేచింది.

"అమ్మా, జర ఆగున్రి."

పులుసు గిన్నె చంకన పెట్టుకుని వంటమనిషి పక్క టేబుల్ దగ్గర ఉంది. రెండో చేతిలో అగ్గిపుల్ల అప్పటికే మండుతోంది. ఎవరైనా కదిలేలోగా, గ్రంథానికి ఎడంగా వేలాడుతున్న చివరి ముడి దారపు కొసను పైకి లాగి మంట చూపించింది.

నూలు దారమైతే కాలి బూడిద రాలుతుంది. ఇది ముడుచుకుపోయింది. కరిగింది. నల్లటి బొట్టై సాగి, తెల్లటి గుడ్డ మీద టప్పున పడి పూసలాగా గడ్డ కట్టింది. వేళ్ళతో కొసను నలిపి ఆర్పేసింది శోభారాణి. వరండా అంతా ప్లాస్టిక్ కాలిన కంపు.

"నైలాన్!" అంది పార్వతీదేవి.

"అవునమ్మా. నైలాన్ కుళ్ళదు, దానికి రంగెందుకని ఊరంత నవ్విండ్రు. మా నాయిన ఇనలే. తాతల నాటి నూలు వలల లెక్కనే నైలాన్‌ను గూడ తుమ్మచెక్క నీళ్ళల్ల ఉడకబెట్టిండు. అందుకే గీ దొరకు అది పాత తాడు లెక్క కనవడ్డది." ఆమె రాజాగారి వైపు తిరిగింది. "పన్నెండుల నైలాన్ యాడిది దొరా? మీ ముత్తాత ఇంకా పుట్టని దారంతోని కట్టిండా?"

"ఇది... ఎవరో... మధ్యలో ఎవరో మార్చి ఉంటారు!"

"నడుమ ఎవలు లేరంటివి. తాకితే నేనే తాకిన అంటివి. గిప్పుడే గదా, కెమెరా ముంగట!" ఆమె గొంతు మొదటిసారి పెరిగింది. "మా నాయిన పర్వతాలు ఈ ముడి పొద్దున ఊరందరి ముంగట ఏసిండు. పొద్దుగూకేసరికి శవమైండు. ఆ పూట ఆయన చేతులకెల్లి గుంజుకున్నోడే దీని కొత్త ఓనర్. ఆ ఓనర్‌వి నువ్వేనని నీ నోటితోనే ఒట్టేసినవ్."

రాజాగారు స్నిగ్ధ వైపు తిరిగాడు. "నువ్వే కదా గట్టిగా చెప్పమన్నావ్!"

స్నిగ్ధ చెయ్యి కొప్పులోకి వెళ్ళింది. వెండి పెన్ను మొన మెరిసింది. దానికి జవాబుగా చింతపండు పులుసు గిన్నెడూ ఆమె మొహాన పడింది, మిరపకారంతో సహా. పెన్ను ఎక్కడో పడింది. తెల్ల షిఫాన్ ఎర్రబడింది.

"మహేందరన్న చాయ్ పూర్తిగ తాగలేదు. నువ్వన్న పులుసు పూర్తిగ తాగు!"

ఈ సందట్లో వోల్ఫ్ మర్యాదగా బ్యాగు తీసుకుని ముందు గేటుకు నడిచాడు. అక్కడ పిండిగిర్ని ఆటో ఒకటి అడ్డంగా ఆగి ఉంది. అందులోంచి ఒళ్ళంతా పిండితో మనుషులు దిగుతున్నారు.

రాజాగారు మాత్రం గ్రంథాన్ని చంకన పెట్టుకుని చెరువు మెట్ల మీద పరుగెత్తుతున్నాడు. కింద మోటార్ బోటు ఉంది. చివరి మెట్టు మీద ఆగి గ్రంథాన్ని నీళ్ళ మీదికి చాచాడు.

"దగ్గరికొస్తే వదిలేస్తా! ముడీ ఉండదు, సాక్ష్యమూ ఉండదు!"

శోభారాణి దగ్గరికి వెళ్ళలేదు. కటకటాల మీద ఆరుతున్న వలను భుజానికి ఎత్తుకుంది. నడుము తిప్పి, ఎడమచేత్తో, పర్వతాలు విసిరినట్టే విసిరింది. వల గాలిలో గొడుగులా విచ్చుకుంది. సీసపు గుండ్లు టపటపమని మెట్ల మీద పడ్డాయి. చాచిన చెయ్యి చాచినట్టే, గ్రంథంతో సహా రాజాగారు లోపల చిక్కాడు. ఆమె తాడు లాగింది. గ్రంథం అతని గుండెకు అతుక్కుంది. అతను జారి కూలబడ్డాడు.

ఆమె వల అంచు ఎత్తి ముందు గ్రంథాన్ని తీసి పొడి మెట్టు మీద పెట్టింది. తరువాత కాలితో అతన్ని ఒక్క తోపు తోసింది. వలతో పాటు నీళ్ళలోకి. గుండ్లు అతన్ని కిందికి లాగాయి. నీళ్ళు గడ్డానికొచ్చాయి. తాడు ఆమె చేతిలో ఉంది.

"ముగ్గేసుడు బంద్ వెట్టినవా మామా?"

అతని కళ్ళు పెద్దవయ్యాయి. అప్పుడు గుర్తుపట్టాడు.

"పాపా... నువ్వు... నేను చంపాలనుకోలేదు... వదలనన్నాడు... చేతులు వదలనన్నాడు..."

"తెల్సు. మా నాయిన పట్టు గట్టిది." ఆమె తాడును కొంచెం సడలించింది. నీళ్ళు పెదవులు దాటాయి. బుడగలు వచ్చాయి. వెనుక మెట్ల మీద జానకిరామయ్య ఆయాసపడుతూ నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఒక్క మాట అని ఉంటే ఆమె తాడు వదిలేసేదేమో.

కొంగున దారపు ఉండతో బతుకుతున్న బుచ్చవ్వ ఆమెకు గుర్తొచ్చింది. వీడు ఇప్పుడు మునిగిపోతే శామీర్‌పేటలో ఒక రాజాగారు నీళ్ళలో పడి పోయాడంటారు. పర్వతాలు మాత్రం అమ్ముకున్నవాడిగానే మిగిలిపోతాడు.

ఆమె తాడు గుంజింది. అతను మెట్ల మీద పడి దగ్గుతూ నీళ్ళు కక్కాడు.

"సచ్చుడు అల్కగుంటది మామా. ఓనర్‌వి గదా, జిందగీ అంతా ఉంచుకో."

* * *

బుచ్చవ్వ కొంగులోని దారం, గ్రంథం మీది ముడి ఒక్కటేనని లేబొరేటరీ తేల్చింది. బంగ్లాలో దొరికిన దొంగ వంశపత్రాలతో రాజాగారే తాతగారని తేలిపోయింది. స్నిగ్ధ మీద మహేందర్ కేసు వేరుగా నడుస్తోంది. తీర్పు వచ్చేదాకా గ్రంథాన్ని సర్కారు మ్యూజియంలో ఉంచారు. దాని కింద పలక మీద ముడులు వేసిన ఇళ్ళ పేర్లన్నీ వరుసగా రాశారు. చివరి పేరు పర్వతాలుది.

పెద్ద వల రోజున సంఘం పెద్ద మైసయ్య బుచ్చవ్వ గడప ముందుకు వచ్చి, తలపాగా తీసి నిలబడ్డాడు.

"అవ్వా, మొదటి వల మీ ఇంటిదే. రావాలె."

"ఇన్నేండ్లు తోవ తెల్వలేదా మైసిగా?" అంది బుచ్చవ్వ. వాణ్ణి ఎండలో చాలాసేపు నిలబెట్టింది. ఆ తరువాతే కర్ర అందుకుంది. ఆ పూట ఆమె కంచంలో కొర్రమట్ట తల పడింది. ముళ్ళు ఎక్కడివక్కడ ఉమ్మేస్తూ తృప్తిగా తింది.

శోభారాణి చెయ్యి కడుక్కుంటుండగా ఫోను మోగింది. వెనుక గిర్ని మోత.

"రాజాగారి లాయరు కొత్త వాదన ఎత్తుకున్నాడమ్మా," అన్నాడు జానకిరామయ్య. "ఆ గ్రంథం తమది కానే కాదట. తాత లేడు, ముత్తాత లేడు, వంశమే లేదట. ఆ సంగతికి సాక్ష్యం తెస్తాం, గడువు ఇవ్వండి అంటున్నాడు."

"ఇయ్యమనున్రి సార్," అంది శోభారాణి. "జిందగీల మొదటిసారి నిజానికి సాక్ష్యం పుట్టియ్యాలె. అలవాటు లేని పని, జర టైం పడ్తది."